‘జ్ఞా’ అను అక్షరము – ఒక చిన్న దిద్దుబాటు

బొల్లారములోని ఒక ఉన్నత పాఠశాలలో, ఉపాధ్యాయుల గదిలో, ఇటీవల ఒక చిన్న చర్చ జరిగినది. ఒక ఉపాధ్యాయుని ఫోనుపై ‘కొత్త అప్‌డేట్ సిద్ధముగా ఉన్నది’ అను ప్రకటన వచ్చినది. దాని వివరణ రెండే పంక్తులు. కొత్త సౌకర్యమేదియు అందులో లేదు. “నడుచుచున్న బండి చక్రము విప్పనేల?” అని ఒకరన్నారు. “తయారుచేసినవారికి తెలియదా? వచ్చిన వెంటనే వేయవలసినదే” అని మరొకరన్నారు. పక్కనే ఉన్న నన్ను తీర్పు చెప్పుమన్నారు. ఇద్దరి మాటలలోను కొంత నిజమున్నది. కాని ఏ ఒక్కటియు పూర్తి నిజము కాదు.

ఇట్టి ప్రశ్నకు ఊహలతో సమాధానము చెప్పుటకంటె, నిజముగా జరిగిన ఒక సంగతిని త్రాసులో వేసి చూచుట మేలు. మన భాషకే సంబంధించిన ఉదాహరణ ఒకటి చేతికి అందుచున్నది. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఫోన్లకు ఐఓఎస్ 11.2.6 అను దిద్దుబాటును విడుదల చేసినది. సంఖ్యలో చివరి అంకె మాత్రమే మారినది. అంత అల్పమైన మార్పు అది. అయినను అది పుట్టుటకు కారణము ఒక తెలుగు అక్షరము. ఆ అక్షరము ‘జ్ఞా’. ‘విజ్ఞానము’ అను మాట నడుమ ఉన్న అక్షరమే అది!

అక్షరము వెనుక అంకెలు

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా కంప్యూటరు యొక్క, లేక ఫోను యొక్క, అన్ని పనులను నడిపించు మూల వ్యవస్థ. జ్ఞాపకశాలను పంచిపెట్టుట, తెరను, మీటలను నడుపుట, ఇతర ప్రోగ్రాములకు చోటు కల్పించుట మున్నగునవి దాని విధులు. అక్షరములను తెరపై గీయుట కూడ దాని పనియే. ఉత్తరములు చూపు ప్రోగ్రామైనను, వార్తలు చూపు ప్రోగ్రామైనను, అక్షరములు గీయవలసి వచ్చినప్పుడు సాధారణముగా ఆ పనిని మూల వ్యవస్థకే అప్పగించును. ఒక అచ్చుకూటములో ఎన్ని పత్రికలు అచ్చయినను కంపోజిటరు ఒక్కడే అయినట్లు ఇది. ఆ కంపోజిటరు తడబడెనా, అన్ని పత్రికలును ఆగిపోవును.

యంత్రమునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. ప్రపంచములోని లిపులన్నిటికిని అంకెలు కేటాయించిన ఏర్పాటు యూనికోడ్. అందులో తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు ఇచ్చిరి. ‘జ’ సంఖ్య 3100. ‘ఞ’ సంఖ్య 3102. ఆకారపు దీర్ఘము 3134. పొల్లు గుర్తు 3149. ‘జ్ఞా’ అను ఒక్క అక్షరమును యంత్రము 3100, 3149, 3102, 3134 అను నాలుగు అంకెలుగా దాచుకొనును. చూపవలసి వచ్చినప్పుడు ఆ నాలుగింటిని కలిపి ఒకే రూపముగా మార్చును. ఇక్కడ ఒక చమత్కారము గమనింపదగినది. అంకెల వరుసలో దీర్ఘము ‘ఞ’ తరువాత వచ్చినది. కాని వ్రాతలో ఆ దీర్ఘము పైనున్న ‘జ’కు తగులుకొనును, ‘ఞ’ వత్తుగా మారి క్రిందికి పోవును. ఆంగ్లములో వలె ఒక అంకెకు ఒక బొమ్మ పెట్టిన చాలదు. గుణింతములు, వత్తులు గల మన లిపిని కూర్చుట యంత్రమునకు కొంత ఆలోచనతో కూడిన పని.

వీనికి తోడు, కంటికి కనబడని మరొక గుర్తు ఉన్నది. దాని సంఖ్య 8204. వెడల్పు లేనిది, రూపము లేనిది. రెండు హల్లులు కలిసి వత్తు కాకుండ విడదీయుటయే దాని ముఖ్యమైన పని. ‘సాఫ్ట్‌వేర్’ అను మాటను చూడుడు. ‘ట్’ తరువాత ఈ గుర్తు లేనిచో ‘వ’ వచ్చి ‘ట’ క్రింద వత్తుగా చేరును, మాట రూపమే మారిపోవును. అట్టి చోట ఈ గుర్తు చాల ఉపకారి.

లోపము ఎక్కడ?

‘జ్ఞా’లో ‘ఞ’కును దీర్ఘమునకును నడుమ ఈ కనబడని గుర్తు చేరినచో ఏమగును? అక్కడ దానికి పని లేదు. సరియైన వ్యవస్థ దానిని పట్టించుకొనక ముందుకు సాగవలెను. కాని ఆనాటి ఐఫోన్లలో అక్షరములను కూర్చు భాగము ఆ అయిదు అంకెల వరుస వద్ద తడబడినది. తడబడి ఊరకుండలేదు. జ్ఞాపకశాలలో తనది కాని చోట చేయి పెట్టినది. వెంటనే ఆ అక్షరమును చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయినది.

చూపబోయిన ప్రతిసారియు అట్లే జరుగును. అందువలన సందేశములు చూపు ప్రోగ్రాము ఒకసారి కూలినచో మరల తెరచుట కష్టమైనది, తెరచిన వెంటనే అదే అక్షరము ఎదురగును గదా! ఆ స్థితిలో పడినవారికి ఒక ఉపాయము చెప్పిరి. మిత్రుని చేత మరొక సందేశము పంపించుకొని, ఆ మార్గమున లోనికి పోయి, చెడ్డ సందేశమున్న వరుసను చెరిపివేయవలెను. ఆ అక్షరము ప్రకటనగా ముందరి తెరపైకే వచ్చినచో ఫోను మూల తెరయే కూలిపోయెడిది. ఈ సంగతి 2018 ఫిబ్రవరి నడుమ లోకమునకు తెలిసినది.

ఈ పుటలో ఉన్న ‘జ్ఞా’ అపాయకరమైనది కాదు. మామూలుగా వ్రాసిన ‘జ్ఞా’ ఆనాడును అపాయము చేయలేదు. కనబడని గుర్తు అస్థానమున చేరినప్పుడే చిక్కు. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని సంయుక్తాక్షరములతోను ఇట్లే జరిగెనని పరిశీలించినవారు చూపిరి. కాబట్టి ‘తెలుగు అక్షరము ఫోనును చంపినది’ అని ఆనాడు వినబడిన మాట సరికాదు. తప్పు అక్షరముది కాదు, దానిని కూర్చిన యంత్రముది.

మూడు ఆక్షేపణలు

ఇక దిద్దుబాటు విషయము. 11.2.6లో చెప్పుకొనదగిన మార్పులు రెండే. మొదటిది ఈ అక్షరముల లోపమును సరిచేయుట. రెండవది, కొన్ని ప్రోగ్రాములు బయటి పరికరములతో కలియుటలో ఉన్న ఒక చిక్కును తీర్చుట. కొత్త ఆకర్షణ ఒక్కటియు లేదు. దీనిని వేసికొనుట అవసరమా? వలదను వారి వాదములు మూడు. వానిని న్యాయముగా పరిశీలింతము.

మొదటి వాదము: “అట్టి వింత వరుసను ఎవరు వ్రాయుదురు? నాకు తెలుగు వ్రాత పనియే లేదు.” ఇది పైకి బలముగా కనబడును. కాని కీడు వ్రాసినవానికి మాత్రమే పరిమితము కాలేదు, చదువబోయినవానికి కలిగినది. తెలుగు ఒక్క ముక్క రాని విదేశీయుని ఫోను సైతము, ఎవడో కొంటెవాడు పంపిన ఒక్క అక్షరముతో స్తంభించెడిది. పైగా రహస్యము అప్పటికే బయటపడినది. లోపము తెలియనంత కాలము ఒక లెక్క, తెలిసిన తరువాత మరొక లెక్క. గోడకు కన్నమున్నదని ఊరంతయు తెలిసిన తరువాత ‘మన వీధికి దొంగ రాడు’ అనుట వివేకము కాదు.

రెండవ వాదము: “కొంచెము ఆగిన పెద్ద దిద్దుబాటే వచ్చును గదా!” ఇదియు నిజమే. 11.3 అను పెద్ద దిద్దుబాటు అప్పటికే పరీక్షలో ఉన్నది, అందులో ఈ లోపము లేదు. కాని అది అందరికిని అందినది మార్చి 29న. నడుమ 38 దినములు. ఆ దినములలో తలుపు తెరచి ఉంచుట వలన కలుగు లాభము సున్న, నష్టమునకు అవకాశము ఉన్నది. ఇట్టి తూకములో ఏ తట్ట క్రిందికి మొగ్గునో చెప్పనక్కరలేదు.

మూడవ వాదము అన్నిటికంటె గట్టిది: “దిద్దుబాటే కీడు చేసినచో?” ఈ భయము ఉత్తది కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు వలన ప్రపంచమున 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒక్కసారిగా నిలిచిపోయినవి. ఆ దినమున హైదరాబాదు నుండి బయలుదేరిన విమాన ప్రయాణికులలో కొందరికి బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చినది. చిన్నది గనుక అపాయము లేదనుట ఎంత పొరపాటో ఇది తెలుపుచున్నది. అయితే అది ఆపరేటింగ్ సిస్టమ్ దిద్దుబాటు కాదు. దానిపై నడుచు రక్షణ ప్రోగ్రామునకు వచ్చిన ఫైలు. వాడుకరి ఎన్నికతో పని లేకుండ, అన్ని యంత్రములకు ఒక్కమారుగా చేరినది. దాని వలన నేర్వవలసిన పాఠము ‘దిద్దుబాటు వలదు’ అని కాదు, ‘అన్నిటిపై ఒకేసారి వలదు’ అని.

వలదని ఊరకున్నవారి గతి ఏమైనదో కూడ చూడవలెను. విండోసులోని ఒక లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14న దిద్దుబాటు విడుదల చేసినది. సరిగా 59 దినముల తరువాత, మే 12న, అదే లోపమును ఆధారము చేసికొని వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమును చుట్టుముట్టినది. ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని జిల్లాల కంప్యూటర్లు కూడ దాని వాత పడినవి. ఆ మార్చి దిద్దుబాటు వేసిన యంత్రములలో ఆ లోపపు ద్వారము మూసికొనియే ఉన్నది. తెరపై కొత్త వింత ఏదియు చూపని దిద్దుబాటు విలువ ఇట్టిది.

తయారీదారులపై ఒక మాట

11.2.6 వేసికొనదగినదే అని నా తీర్పు. అయినంత మాత్రమున దానిని పంపిన పద్ధతిని పూర్తిగా మెచ్చుకొనజాలను. మెచ్చుకొనదగినది వేగము. సంగతి బయటపడిన కొద్ది దినములకే దిద్దుబాటు వచ్చినది. ఫోన్లకే కాక ఆ సంస్థ కంప్యూటర్లకును, చేతి గడియారములకును, టీవీ పెట్టెలకును అదే దినమున వచ్చినది.

కొరత రెండు చోట్ల ఉన్నది. మొదటిది, వాడుకరులకు ఇచ్చిన వివరణలో ‘కొన్ని అక్షరముల వరుసల వలన ప్రోగ్రాములు కూలుట సరిచేయబడినది’ అను అర్థము మాత్రమే ఉన్నది. తెలుగు పేరు లేదు. ఎవరి భాషకు సంబంధించిన దిద్దుబాటో వారికే తెలియకున్నచో, దానిని వేయవలెనో వలదో వారెట్లు నిర్ణయింపగలరు? రెండవది మరింత లోతైనది. ఫోను అమ్ముటకు ముందు తెలుగు, బెంగాలీ, దేవనాగరి లిపులపై కనబడని గుర్తులను అటునిటు మార్చి పరీక్షించియుండినచో ఈ లోపము అప్పుడే దొరికెడిదని నా అభిప్రాయము. కోట్ల మంది వ్రాయు లిపులను అరుదైనవిగా ఎంచరాదు.

బడిలో ఏమి చేయవలెను?

ఉపాధ్యాయుల గదిలోని ప్రశ్నకు ఇప్పుడు తిరిగి వత్తము. అప్‌డేట్ వచ్చినప్పుడు దాని పరిమాణమును చూడవలదు, కొత్త బొమ్మలను చూడవలదు. మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఏ లోపమును మూయుచున్నది? ఆ లోపము నేను ఏమియు చేయకున్నను నన్ను బాధింపగలదా? దిద్దుబాటే చెడ్డదైనచో నా పని నాకు తిరిగి దక్కునా?

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము భద్రతకు సంబంధించినదైనచో ఆలస్యము చేయరాదు. కేవలము అలంకారమైనచో వారము పది దినములు ఆగిన నష్టము లేదు. మూడవ ప్రశ్నకు సమాధానము మన చేతిలోనే ఉన్నది. విద్యార్థుల వ్రాతలు, మార్కుల పట్టికలు ముందుగా వేరొక చోట నకలు తీసి ఉంచవలెను. కంప్యూటరు గదిలో ఇరువది యంత్రములున్నచో మొదట ఒకదానిపై వేసి, పాఠములకు కావలసిన ప్రోగ్రాములు, తెలుగు వ్రాత, ముద్రణ యంత్రము సరిగా పనిచేయుచున్నవో లేదో చూడవలెను. బాగున్నచో ఒకటి రెండు దినములలో మిగిలిన వానిపై వేయవచ్చును. పరీక్షల వారములో అత్యవసరమైనది తప్ప వేయకుండుట మంచిది.

మరియొక సంగతి. విండోస్ 10కు సాధారణముగా వచ్చు ఉచిత దిద్దుబాట్ల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసినది. బడులలో అట్టి యంత్రములు ఉన్నచోట, వేయవలెనా వలదా అను ప్రశ్న కంటె దిద్దుబాటు అసలు వచ్చుచున్నదా అను ప్రశ్న ముందు వేసికొనవలెను.

తెలుగు పలకపై ‘జ్ఞ’ వ్రాయుట నేర్చునప్పుడు ప్రతి పిల్లవాడును కొంత తడబడును. గురువు చేయి పట్టి దిద్దించును. యంత్రమును అట్లే తడబడినది, దిద్దించుకొన్నది. ఆ దిద్దుబాటు చిన్నదని త్రోసివేసినవారు, తమకు తెలియకయే, ఒక్క అక్షరము చాటున నిలిచియున్న అపాయమును ఇంటిలో ఉంచుకొన్నవారైరి.