విరాటపర్వం: ఆయుధం దించిన తరువాత

వేణు ఊడుగుల దర్శకత్వంలో 2022 జూన్‌లో విడుదలైన ‘విరాటపర్వం’ చిత్రాన్ని సన్నీవేల్‌లోని మన కుటుంబాలు ఇళ్ళలో చూచి ఎంతో మెచ్చుకున్నాయి. ఆ మెప్పు న్యాయమైనదే. వెన్నెలగా సాయిపల్లవి, ఆమె తల్లిదండ్రులుగా ఈశ్వరీరావు, సాయిచంద్ చక్కగా నటించారు. అయినా ఒక లోటు చెప్పక తప్పదు.

కథకు మూలం వాస్తవమే. 1992లో, దళంలో చేరవచ్చిన ఖమ్మం ప్రాంతపు యువతిని పోలీసు ఇన్ఫార్మరని అనుమానించి నక్సలైట్లే చంపారు. చిత్రం ఆ మరణాన్ని ప్రేమ విషాదంగా మలచింది. మన కన్నీరు వెన్నెలకూ దక్కింది, రవన్నకూ దక్కింది. కాని ఆ దళసభ్యుడొకడు రేపు ఆయుధం దించి అదే ఊరికి తిరిగివస్తే, కూతురిని పోగొట్టుకున్న ఇంటివారు ఏమి చేయాలి? ఈ ప్రశ్న మొదలు కావలసిన చోటనే చిత్రం ముగిసింది.

ఇది ఊరికే ఊహించి వేసిన ప్రశ్న కాదు. 2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు మరి 60 మందితో కలిసి గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. తెలంగాణలో లొంగిపోయినవారికి, వారి తలపై ప్రకటించిన బహుమానమే పునరావాసం కొరకు ఇస్తారు. అది అవసరమే, కూటికి లేనివాడు మళ్ళీ అడవిదారి పట్టవచ్చు. అయితే ఇన్ఫార్మరన్న ముద్రతో చనిపోయినవాని తల్లికి ఆ సభలో కుర్చీ ఏది? ఆ ముద్ర తప్పని ఊరి ముందు చెప్పేవారెవరు?

తిరిగి రావటం అసాధ్యమని మేము అనము. సీతక్క 1990లలో దళం వీడి, న్యాయశాస్త్రం చదివి, 2004లో ములుగులో పోటీచేసి ఓడి, 2009లో గెలిచారు. 2023లో మంత్రి అయ్యారు. ఆమె ఆ ఊళ్ళకు హాని చేశారని మా భావం కాదు. అక్కడ కాదనే హక్కు ప్రజలకున్నదనీ, వారు ఒకసారి కాదన్నారనీ గమనించాలి.

ఫిజీ గిర్మిటియాల సంతతివారమైన మనకు ఇది పరాయి సంగతి కాదు. 2000 మే 19న జార్జి స్పైట్ ముఠా పార్లమెంటును పట్టుకొన్నది. ఆ అల్లర్లలో మువానివేనిలో భారత సంతతి రైతుల ఇళ్ళు దోచారు. ఆ కుటుంబాలు లౌటోకాలోని గిర్మిట్ కేంద్రంలో తలదాచుకున్నాయి. 2024లో స్పైట్‌కు క్షమాభిక్ష లభించింది. అది రాష్ట్రపతి ఇచ్చినది, రైతు ఇచ్చినది కాదు. అదే సంవత్సరం డిసెంబరులో ఫిజీ పార్లమెంటు సత్యం, సయోధ్యల సంఘానికి చట్టం చేసింది. బాధపడినవారు నోరు విప్పి చెప్పుకొనే చోటు కల్పించటమే దాని ఉద్దేశం.

అటువంటి చోటు మన చిత్రాలలోనూ కనిపించాలి. భారతంలో పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టుపై పెట్టటంతో విరాటపర్వం ముగియలేదు. తామెవరో విరాటునికి చెప్పుకొనవలసి వచ్చింది. ఈ చిత్రానికి ఆ పేరు పెట్టినవారు ఆ ఘట్టాన్ని కూడా తీసి ఉంటే బాగుండేది.