బొమ్మ కాని బుల్లి ఇంజను

పాఠ్యపుస్తకంలోని ఆవిరియంత్రం పటంలో ముషలకం ఎన్నడూ బిగుసుకొనిపోదు. ఆవిరి ఎక్కడా కారిపోదు. బొగ్గుతో నీరు మరిగించి, మనిషిని లాగే చిన్న రైలింజనును స్వయంగా చేయబూనినవారికి మాత్రం ప్రతి అతుకూ ఒక ప్రశ్నయే. అట్టి నిర్మాణాన్ని ప్రారంభకులకు నేర్పే ఆంగ్ల గ్రంథం, 'టిచ్' అనే ఇంజనును గురించినది, 1968లో వెలువడినది.

గ్రంథకర్త లారెన్స్ అంతకు ముందు సంవత్సరమే మరణించారు. యౌవనంలో తాము పనిచేసిన రైల్వే పేరులోని ఎల్.బి.ఎస్.సి. అనే పొడి అక్షరాలే ఆయన కలంపేరు. 1924 నుండి దశాబ్దాలపాటు 'మోడల్ ఇంజనీర్' పత్రికలో వ్రాసిన ఈయన శైలి పండితునిది కాదు. పక్కన నిలిచి పని చూపే మేస్త్రీది.

నమూనా అంటే పెద్దదానిని అన్ని విధాలా సమంగా తగ్గించినదని సామాన్యుల తలంపు. 'టిచ్' నడిచే పట్టాల మధ్య దూరం 3½ అంగుళాలు. అంటే బ్రిటిష్ రైలుమార్గంలో సుమారు 16వ వంతు. పొడవు 16వ వంతైతే వైశాల్యం 256వ వంతు, ఘనపరిమాణం 4,096వ వంతు అవుతుంది. కాబట్టి నీటి పరిమాణంతో పోల్చితే చిన్న బాయిలరు ఉపరితలం 16 రెట్లు; వేడి త్వరగా పోతుంది. 2 అంగుళాల పొగగొట్టాన్ని అదే లెక్కన తగ్గిస్తే 1/8 అంగుళమై మసితో మూసుకొనిపోతుంది. అందుచేతనే రచయిత గొట్టాల సంఖ్య తగ్గించి, వాటి వ్యాసం పెంచే పద్ధతిని అనుసరించారు. ఇదే ఆయన రచనలలోని గొప్ప విశేషం.

ఇంజనును సరిదిద్దడంలో చెవి కూడా ఒక పనిముట్టే. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఊపులు సమంగా వినబడవలెను. ఒకటి బలంగా, ఒకటి నీరసంగా వినబడితే కవాటం నడుమ నిలువలేదేమో చూడవలెను. వాడిన ఆవిరిని పొగగొట్టంలోనికి వదలే రంధ్రం పెద్దదైతే నిప్పుకు గాలి లాగదు. మరీ చిన్నదైతే ముషలకానికే ఎదురు ఒత్తిడి కలుగుతుంది.

అయితే ఈ రచనలో ఒక లోపం కలదు. ఎట్లు చేయవలెనో విపులంగా ఉన్నది. ఎందుకో వివరించే లెక్కలకు చోటు తక్కువ. బాయిలరు సంగతే చూడండి. దానిని చన్నీటితో నింపి, పనిచేసే పీడనానికి రెట్టింపు పీడనం పెట్టి పరీక్షించడం ఆనవాయితీ. నీరు దాదాపు సంకోచించదు గనుక అతుకు విడితే నాలుగు చుక్కలు కారి పీడనం పడిపోతుంది. అదే గాలితోనో ఆవిరితోనో అయితే అణగియున్న శక్తి ఒక్కసారిగా విజృంభించి బాయిలరు పేలవచ్చును. కారణం తెలియని జాగ్రత్తను తొందరలో విడిచిపెట్టడం సులభం. ఇక్కడ ఆ తొందర ప్రాణాంతకం.

ఆ 'ఎందుకు'ను ఉపాధ్యాయుడు పూరించగలిగితే, ఇంజను పూర్తి కాకపోయినా విద్యార్థికి భౌతికశాస్త్రం చేతికి వస్తుంది.