తెరకు ఇరువైపుల

దంపతులు కలిసి చేయదగిన వృత్తులు లోకమున ఎన్నియో కలవు గాని, ఇద్దరు పూనుకొననిచో సగము మాత్రమే జరుగు వృత్తి పెండ్లి ఫోటోలు తీయుట యని నా దృఢవిశ్వాసము. మార్కాపురము, తర్లుపాడు, కంభము, గిద్దలూరు అని నల్లమల తూర్పు అంచున రైలుదారి వెంట వరుసగా నున్న ఈ ఊళ్ళలో, అటు త్రిపురాంతకము మొదలుకొని ఇటు దిగువమెట్ట వరకు, ముహూర్తమున్న ప్రతి రాత్రియు నేనును మావారును చెరియొక కెమెరా మెడకు తగిలించుకొని పరుల ఇండ్ల శుభకార్యములలో నిలుచుచుందుము. మేము పందిట అడుగిడగానే “ఫోటో అన్న వచ్చినాడు, దారియ్యండి” అని ఎవరో ఒకరు కేక వేయుదురు. ఆ కేకలో నా ప్రసక్తి యుండదు. ఆ పిలిచినవారిపై నాకు కోపము లేదు. వారు చిన్ననాటినుండి చూచిన ఫోటోగ్రాఫర్లందరును మగవారే. కాని ఆ కేక విడిచిపెట్టిన సగమును గూర్చి ఈ వారము నాలుగు మాటలు వ్రాయవలెనని యున్నది.

ముహూర్తమునకు రెండు గంటల ముందు వరకు పెండ్లి యనునది రెండు తలుపుల వెనుక జరుగు కార్యము. పెండ్లికొడుకు విడిదిలో పంచె కట్టు, తలపాగా, బావమరదుల పరిహాసములు, మేనమామల హడావుడి; అక్కడికి ఎవరైనను పోవచ్చును, ఎవరైనను ఫోటో తీయవచ్చును. పెండ్లికూతురి గది అట్లు కాదు. పరాయి మగవాడు ఆ గుమ్మము దాటినచో ముసలివారు ముడుచుకొందురు, పడుచువారు పైటలు సర్దుకొందురు, పెండ్లికూతురు తలవంచి బొమ్మవలె కూర్చుండును. ఆ ఫోటోలలో నగలు కనబడును, మనిషి కనబడదు. అదే నేను లోనికి పోయినచో, “అక్కా, కుచ్చిళ్ళు సరిగా వచ్చినాయా, చూసి చెప్పు” అని ఆ పిల్లయే నన్ను పిలుచును. పూలజడ కుట్టుచున్న పిన్నమ్మ నా చేతికి సూది ఇచ్చి దారము కోసము పోవును. కల్యాణమండపములలో ఆ గదుల గోడలకు తరచుగా పచ్చరంగు వేసియుందురు. ట్యూబులైటు వెలుతురు ఆ గోడకు తగిలి పిల్ల చెక్కిలిమీద పాకుడువలె పరచుకొనును. కావున నేను మొదట చేయు పని దీపమార్పి కిటికీ తెరచుట. కిటికీ వెలుతురులో తల్లి బిడ్డ నొసట కల్యాణబొట్టు దిద్దునప్పుడు, ఆమె చేయి వణకునో లేదో, ఊపిరి బిగబట్టునో లేదో, అదంతయు నాకు రెండడుగుల దూరమున కనబడును. కెమెరా ఎత్తవలసిన వేళ ఏదో, దానిని క్రిందికి దించి ఆ పిల్లకు మంచినీళ్ళు అందీయవలసిన వేళ ఏదో కూడ ఆ గదిలోనే నేర్చుకొంటిని.

ఇక ముహూర్తము. జీలకఱ్ఱ బెల్లము తలపై నుంచు ఘడియ యెట్టిదో మన పెండ్లిండ్లు చూచినవారందరికిని తెలిసినదే. వధూవరుల నడుమ అడ్డుతెర పట్టి యుందురు, మంగళవాద్యములు ఒక్కసారిగా పెచ్చరిల్లును, చేతులు తెరమీదుగా సాగును, తెర దిగును, ఇద్దరును ఒకరినొకరు చూచుకొందురు. ఎదురెదురుగా నున్న ఆ రెండు ముఖములను నిండుగా పట్టగల కెమెరా నేటివరకు పుట్టలేదు. ప్రక్కనుండి తీసినచో రెండు సగము ముఖములు వచ్చును. వరుని వెనుకనుండి తీసినచో వధువు ముఖము వచ్చును, వరుడు వీపుగా మిగులును. అందుచేత మావారు వధువు భుజము వెనుక నిలిచి వరుని చూపును పట్టుకొందురు. నేను వరుని భుజము వెనుక నిలిచి వధువు చూపును పట్టుకొందును. ఆ క్షణమున మా ఇద్దరి నడుమ వారిద్దరు ఉందురు. మావారు ఎచ్చట నిలుతురో నేను చూడనక్కరలేదు, నేను వంగుదునో మోకరించుదునో వారు అడుగనక్కరలేదు. ఒకరి చిత్రములో రెండవవారి కెమెరా కనబడకుండ తప్పుకొనుట యనునది మాకు మాటలతో కుదిరిన ఒప్పందము కాదు, ఏండ్ల తరబడి కలిసి యుండుటచేత అలవడిన నడక. సహాయకులను పెట్టుకొని ఈ పని చేయించుకొనువారు లేకపోలేదు. వారిని నేను తక్కువ చేయను. అయినను సహాయకునికి చెప్పి చేయింపవలసినవి కొన్ని గలవు, అవి చెప్పులోపల తెర దిగిపోవును.

తలంబ్రాల వేళ మరియొక చిక్కు. మండపములలో ఇప్పుడు పెట్టుచున్న కొన్ని ఎల్‌ఈడీ దీపములు కంటికి తెలియకుండ మినుకు మినుకుమనుచుండును. షట్టరు వేగము పెంచినచో చిత్రమునకు అడ్డముగా నల్లని చారలు పడును. సెకనులో నూరవ వంతు దగ్గర నిలిపినచో చారలు పోవును గాని, ఎగురుచున్న బియ్యము గింజలు గీతలుగా సాగును. కావున నేను ఆ నెమ్మది వేగముననే తీయుదును. మావారు ఫ్లాష్ వెలిగించి తీయుదురు. నా కెమెరాలో తలంబ్రాలు పసుపు ధారలై వధూవరుల తలలమీదినుండి కురియుచుండును. వారి కెమెరాలో గింజగింజయు గాలిలో ఆగి నిలిచియుండును. ఆల్బమ్ ఎంచునప్పుడు ముసలివారు గింజలున్న చిత్రమునే కోరుదురు, పడుచువారు ధారలున్నదానిని కోరుదురు. మేము రెండును ఒకే పుటలో వేయుదుము. హోమపు పొగ సంగతి వేరు: పొగమీద ఎదురుగా ఫ్లాష్ వేసినచో తెల్లని గోడ నిలుచును గాన, అప్పుడు మావారు దీపమును హోమగుండము ఆవలికి జరిపి నాకు సైగ చేయుదురు.

కంభములోను మార్కాపురములోను గిద్దలూరులోను ముస్లిము కుటుంబములు పెక్కు కలవు. వారి నికాహ్ వేళ ఆడవారి వైపు పరదా లోపల జరుగు వేడుకకు మావారు ఎన్నడును పోరు, నేనొక్కతెనే పోవుదును. ఆ చిత్రములను కంప్యూటరుమీద దిద్దునదియు నేనే, ఆల్బమ్ పుటలు కూర్చునదియు నేనే; అవి స్టూడియో అద్దాలకు ఎక్కవు, ఫోనులలోనికి పోవు. ఈ పద్ధతి మేము కల్పించినది కాదు. హైదరాబాదులో ఆరవ నిజాము కొలువు ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీల కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నొకదానిని తెరచి, కెన్నీ లెవిక్ అను ఆంగ్లస్త్రీకి దానిని అప్పగించెను. ఆనాడు ఫోటో దిగుటకు పరదా అడ్డము రాకుండ ఆలోచించినవాడు ఆ మహానుభావుడు. కెమెరా పనిలో స్త్రీ అవసరము ఈ తెలుగునేలపైననే నూటముప్పది యేండ్లకు పూర్వము గుర్తింపబడినదని నేను సగర్వముగా చెప్పుకొందును.

గుర్తింపు వేరు, పేరు వేరు. మన దేశమున తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరొందిన హోమై వ్యారావాలా 1913లో గుజరాతులోని నవ్‌సారీలో జన్మించినది. కెమెరా విద్యను తాను పిదప పెండ్లాడిన మానెక్‌షా వద్ద అభ్యసించినది; స్వాతంత్ర్యోదయ ఘట్టములను, ఆనాటి నాయకులను చిత్రించినది; 2011లో పద్మవిభూషణము నందినది. అంతటి ఆమె తొలినాళ్ళ చిత్రములు భర్త పేరున అచ్చయినవి. ఆ దంపతులను నేను నిందింపబోను. ఆడమనిషి తీసిన ఫోటోను పత్రికలు నమ్మని కాలము అది. కాని ఇప్పటి కాలము అది కాదు గదా! మా ప్రాంతములో స్టూడియో బోర్డులను చూడుడు: “ప్రొ.” అన్న అక్షరము పిదప ఒక్క పేరే యుండును. లోపల కూర్చుండి ఆల్బమ్ డిజైను చేయునది, గిరాకీలతో మాటలాడునది, లెక్క వ్రాయునది, పాస్‌పోర్టు ఫోటోలు కోసి ఇచ్చునది తరచుగా ఆ యింటి ఇల్లాలే. మార్కాపురపు పలకలు దేశమంతట బడిపిల్లల చేతులలో తిరిగిన రోజులలో ఆ రాతిదుమ్ములో ఆడవారును మగవారితో సమానముగ పాటుపడిరి. పలక గొప్ప చెప్పుకొనునప్పుడు వారి మాట ఎవరును ఎత్తరు. ఇదే నేలమీద కంభము చెరువును గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించినదని జనము తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆడదాని పేరు నిలుపుటకు మనకు మనసు లేకపోలేదు.

మా బోర్డుమీద ఇద్దరి పేర్లును కలవు. అది నేనడుగగా వచ్చినది కాదు. రంగు వెలసిన బోర్డును తిరిగి వ్రాయించునప్పుడు మావారే పెయింటరుకు చెప్పిరి. అయినను ఒకానొక పెండ్లివారు బేరము కుదిరినంతసేపు నాతో మాటలాడి, అడ్వాన్సు మాత్రము మావారి చేతిలోనే పెట్టెదమని సాయంకాలము వరకు కూర్చుండిరి. అట్టి సందర్భములలో మావారు ఆ డబ్బు నందుకొని నోరు మెదపక నా బల్లసొరుగులో వేయుదురు. అంతకంటె పెద్ద ఉపన్యాసము అక్కరలేదు.

ఇందు కష్టము లేదని చెప్పుట అసత్యమగును. మూఢములోను, ఆషాఢములోను, పుష్యములోను రాబడి యుండదు. వాన లేని ఏట మా వైపు పెండ్లిండ్లే వెనుకకు జరుగును, జరిగినవానికి ఆల్బమ్ బాకీ నెలల తరబడి నిలుచును. మాఘములో ఒకే రాత్రి మూడేసి పెండ్లిండ్లవారు వత్తురు. ఇద్దరము చెరియొక చోటికి పోయి రెండింతలు సంపాదింపవచ్చునని బంధువులు హితవు చెప్పుదురు. మేము పోము. తెరకు ఒక్క ప్రక్కననే నిలువవలసి వచ్చినచో ఆ పనికి మా పేరు పెట్టుటకు మాకు మనస్కరింపదు. తెల్లవారి ఇల్లు చేరిన వెంటనే కార్డులలోని చిత్రములను రెండు వేర్వేరు డిస్కులలోనికి ఎక్కించి, ఒకటి స్టూడియోలోను ఒకటి ఇంటిలోను భద్రపరచిన పిదపనే నిద్ర. ఈ నియమము విషయమున మాలో ఎవరు అలసినను రెండవవారు ఊరుకొనరు.

మరియొక నియమము కలదు. తేదీ వ్రాసికొనుటకు ముందు పెండ్లికూతురి వయస్సు అడుగుదుము. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము పిల్లకు 18, పిల్లవానికి 21 నిండవలెను. లేనిచో జరిపించినవారికిని తోడ్పడినవారికిని రెండేండ్ల వరకు కఠినశిక్షయు లక్ష రూపాయల వరకు జరిమానాయు కలదు. చట్టభయము అటుండ, పదవ తరగతి పుస్తకములు మూలన పెట్టి పీటలమీద కూర్చున్న పిల్ల ముఖము నేను తీయజాలను. వయస్సును గూర్చి తండ్రి మావారికి చెప్పు సమాధానమొకటి, అదే ప్రశ్నకు వంటింటిలో తల్లి నాకు చెప్పు సమాధానమొకటి. నాకు చెప్పినదే నిజమై యుండుట తరచు. ఆ బేరములు వదలుకొన్నందుకు మాకు విచారము లేదు.

పెండ్లి చిత్రము ఇంటిగోడపై అలంకారము మాత్రమే యనుకొనువారు, 2002 నాటి చట్టము వచ్చిన పిదప వివాహ నమోదుకు శుభలేఖతో పాటు పెండ్లి ఫోటోను కూడ అడుగుచున్నారన్న సంగతి ఎరుగరు. హైదరాబాదుకో బెంగుళూరుకో అంతకు దూరదేశములకో పొట్ట చేతబట్టుకొని పోవు మా ప్రాంతపు జంటలు ఆ ఫోటో కొరకు ఏండ్ల పిదప కూడ మాకు ఫోను చేయుదురు. అప్పగింతలనాడు తండ్రి ముఖము ఉన్న చిత్రము కలదాయని, ఆయన పోయిన పిదప, ఒక ఆడపిల్ల అడిగినది. ఉన్నది, అది నేను ఆడవారి గుంపులో నిలిచి తీసినది. మావారు ఆ వేళ ఎదుట నిలిచి పిల్ల కన్నీరు తీయుచుండిరి.

పెండ్లి పెట్టుకొన్నవారికి నా మనవి. ఫోటోలు మాటలాడుకొనునప్పుడు మగవాని ధర మాత్రమే అడుగక, పెండ్లికూతురి గదిలోనికి ఎవరు వత్తురని అడుగుడు. ఆమె తీసిన ఆల్బమ్ చూపుమని అడుగుడు. బంతిలో ఆమెకును వేళకు విస్తరి వేయుడు. స్టూడియోలు నడుపు దంపతులారా, ఈసారి బోర్డుకు రంగు వేయించునప్పుడు రెండవ పేరును కూడ వ్రాయింపుడు. కెమెరా నేర్వవలెనను కోరిక గల ఆడపిల్ల మీ యింట నున్నచో వెనుదీయక మార్కాపురములోనో గిద్దలూరులోనో మంచి స్టూడియో చూచి పంపుడు. మా ఊళ్ళ ముహూర్తములకు ఇక్కడ ఆడ ఫోటోగ్రాఫర్లు చాలుట లేదు.