చివరి అక్షరం

మొన్న గురువారం పెళ్లికి బయల్దేరాం. మొదటి బస్సు దిగి రెండోదాని కోసం కూర్చున్నాక పిన్నికి నీళ్ల సీసా అందిస్తే వద్దంది. "పొద్దున్నుంచీ గుక్కెడు కూడా తాగలేదురా. బీపీ బిళ్ళ కూడా వేసుకోలేదు. వేసుకుంటే గంటకోసారి లేవాలి. ఈ దారిలో ఎక్కడికని పోను?" అంది. ఎండ నడినెత్తికొచ్చింది. పిన్నికి డెబ్భై రెండేళ్లు.

నాకు కోపం వచ్చింది. బీపీ మందు ఒక్క పూట కూడా మానకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. బస్టాండుల్లో ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు ఉండవని అంతకంటే ఎక్కువసార్లే రాశాను. మందలించబోయి, ముందు ఆ బిళ్ళ చూపించమన్నాను. సంచిలోంచి స్ట్రిప్పు ముక్క తీసింది. కత్తెరతో కత్తిరించిన ముక్క, అందులో నాలుగు బిళ్ళలు. మందు పేరు సగమే ఉంది. చివరి అక్షరం షాపులోనే ఉండిపోయింది.

కత్తెర మీద నా పాత పగ మీకు కొత్త కాదు. దానికి కారణం ఆ చివరి అక్షరమే. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు పేరు చివర 'హెచ్' ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిపారని అర్థం. 'సీటీ' ఉంటే చాలావరకు క్లోర్‌థాలిడోన్. ఈ రెండూ మూత్రపిండాల ద్వారా ఉప్పును బయటికి పంపే మందులు. ఉప్పు వెంటే నీరూ పోతుంది. అందుకే మనవాళ్లు నీరు తీసే బిళ్ళ అంటారు. ఒక్క బిళ్ళలో రెండు మందులు మింగుతున్నామన్న సంగతి చాలామందికి తెలియదు. మా అమ్మకూ తెలియదు.

2015 వేసవి గుర్తుండే ఉంటుంది. వడగాడ్పులకు రెండు రాష్ట్రాల్లోనూ జనం రాలిపోయిన ఏడాది. ఆ మే నెలలో అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. నేను ఊళ్లో లేను. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "బిళ్ళ వేసుకున్నావా?" అని అడిగేవాణ్ణి. "వేసుకున్నా నాన్నా" అనేది. మోకాళ్ల నొప్పులకు షాపువాడిచ్చిన డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటోందని నాకు తెలియదు. బీపీ మనిషి కదా అని ఇంట్లోవాళ్లు ఉప్పు లేని గంజి కాచి ఇచ్చారు. వడదెబ్బ తగలకూడదని చెంబుల కొద్దీ మంచినీళ్లు తాగించారు. అందరూ ప్రేమతో చేసినవే.

నాలుగో రోజు నేను ఇంటికి చేరేసరికి నన్ను పట్టుకుని మా మేనమామ పేరుతో పిలిచింది. వంటింటి గడప దగ్గర తూలి పడబోయింది. వయసు మీద పడింది అనుకున్నాం. పక్కింటావిడ దిష్టి తీసింది. సాయంత్రానికి మాట ముద్దగా వస్తుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో సోడియం 116 అని వచ్చింది. 135 నుంచి 145 దాకా ఉండాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది.

డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. బిళ్ళ వల్ల కొంత ఉప్పు పోయింది, విరేచనాల్లో మరికొంత. తిండిలో మనం మానిపించాం. పైన పోసిన మంచినీళ్లకు ఒంట్లో మిగిలిన కాస్త ఉప్పూ పలచబడింది. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, నొప్పి బిళ్ళ మూడూ ఒకచోట పడితే మూత్రపిండాలు తట్టుకోలేవట. ఉప్పు త్వరగా ఎక్కించెయ్యండి అని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. సోడియం రోజుకు ఎనిమిది, పది పాయింట్లకు మించి పెరిగితే మెదడు దెబ్బతింటుంది, ఓపిక పట్టమన్నారు. రెండు రాత్రులు మంచం పక్కనే కూర్చున్నాను. మూడో రోజు తెల్లవారుజామున అమ్మ కళ్లు తెరిచి నా పేరు పెట్టి పిలిచి, "ఏమన్నా తిన్నావా?" అంది.

బిళ్ళ మానొద్దని రోజూ ఫోన్ చేసింది నేనే. ఆ మాట ఇన్నేళ్లుగా మీకూ చెబుతూ వచ్చాను. అది సగం మాటే. వాంతులో విరేచనాలో అవుతున్నప్పుడు, జ్వరంతో నోటికి ఏమీ సహించనప్పుడు, నీరు తీసే బిళ్ళ వేసుకునే ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి. మామూలుగా తిని తాగేదాకా ఒకటి రెండు రోజులు ఆపమని చాలాసార్లు వారే చెబుతారు. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికోసారైనా చూపించుకోవాలి. పెద్దవయసు ఆడవాళ్లలో సోడియం పడిపోవడం తొలి వారాల్లోనే ఎక్కువ. నొప్పి బిళ్ళలు అడగకుండా కొనొద్దు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవారు దాన్ని ఇంటికి తెచ్చేముందు అడగాలి. మంచం మీంచి గబుక్కున లేవొద్దు.

నీరు తీసే ఈ మందు మీద నాకు కోపం లేదు. 1958లో క్లోరోథయజైడ్ బజారులోకి వచ్చేదాకా ఒంట్లో నీరు తీయడానికి పాదరసం ఇంజెక్షన్లు ఇచ్చేవారు. 33,000 మందికి పైగా పాల్గొన్న ఆల్‌హాట్ అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చినప్పుడు, చవకైన క్లోర్‌థాలిడోన్ ఖరీదైన కొత్త మందులకు తీసిపోలేదని తేలింది. అమ్మ బీపీని అన్నేళ్లు అదుపులో ఉంచింది కూడా ఈ జాతి మందే.

పిన్నిని మందలించలేదు. బస్టాండు నుంచే వాళ్ల డాక్టరుకు ఫోన్ కలిపాను. ప్రయాణం రోజున ఇల్లు చేరాక వేసుకున్నా ఫరవాలేదన్నారు, మరీ పొద్దుపోకుండా చూసుకోమన్నారు. రేపు రెండు కలిపి వేసుకోవద్దన్నారు. దాహమేస్తున్నా నీళ్లు మానేయడం మాత్రం తప్పన్నారు. బిళ్ళ మానినందుకు కోపగించుకున్నాను గానీ, ఆ ఎండలో పిన్నికి ముప్పు ఖాళీ కడుపుతో, ఎండిన గొంతుతో కూర్చోవడం వల్లే.

"తాగితే మరి?" అంది. రోడ్డు దాటి టిఫిన్ హోటల్లో అడిగాను. యజమాని భార్య పిన్నిని వెంటబెట్టుకుని వెనక ఉన్న వాళ్లింట్లోకి తీసుకెళ్లింది. పిన్ని తిరిగొచ్చి సీసా ఖాళీ చేసింది. పక్కనే ఉన్న మందుల షాపులో చీటీ చూపించి, కత్తిరించని స్ట్రిప్పు అడిగి కొన్నాం. పేరు చివర హెచ్ ఉంది.

"మీ అమ్మదీ ఇదేనా?" అంది పిన్ని.

అదేనన్నాను.