ఒక్క గొంతులో బీరప్ప, కామరాతి

బ్యాలే నేర్చుకుందామని పరాయి దేశం పోయిన అమ్మాయి, అక్కడ తోటి నర్తకుడితో ప్రేమ. ఇట్లాంటి ఇంగ్లిష్ నవలలంటే కాలేజీ పిల్లలకు మోజు. చదవనీయండి, తప్పేం లేదు. ఆటకూ ప్రేమకూ చుట్టరికం పాతదే. 1841లో పారిస్‌లో తొలిసారి ఆడిన 'జిజెల్' బ్యాలేలో పల్లెపిల్ల ప్రేమ, ఆమెకు జరిగిన మోసం, ఆమె చావు అన్నీ నోరు మెదపకుండా నర్తకుల ఒళ్లే చెప్పింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు బీరప్ప దేవుడి పండుగల్లో ఒగ్గు కథ చెప్పే కళాకారుడి పని అంతకంటే కష్టం. ఆట, మాట, పాట మూడూ ఆయనే మోయాలి.

కథ బీరప్ప-కామరాతి లగ్గం. ముందుగా పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడితో నేల మీద పట్నం అనే ముగ్గు వేస్తారు. డోళ్లు, తాళాలు అందుకుంటాయి. కాళ్లకు గజ్జెలతో కథకుడు రంగంలోకి దిగుతాడు. వచనం, పాట, మళ్లీ వచనం. భుజం మీది కండువా నెత్తిన కప్పుకున్నాడంటే ఆయనే కామరాతి. చూపు వాలుతుంది, అడుగు చిన్నదవుతుంది. అదే కండువా నడుముకు బిగించగానే బీరప్ప. తెర లేదు, వేషం మార్చుకునే అర లేదు.

ఈ మార్పుకు సందు ఇచ్చేది వంతపాటకుడు. నా లెక్కన ఒగ్గులో సగం విద్య ఆయనదే. "అటెనుక ఏమాయె?" అంటాడు, "పిల్ల ఒప్పుకున్నదా మరి?" అని ఆటపట్టిస్తాడు. జనం నవ్వేలోపు కథకుడు ఊపిరి పీల్చుకుని ఇంకో మనిషైపోతాడు. ప్రేమ మాట నలుగురిలో చెప్పడానికి ఉండే బిడియం కూడా ఆ నవ్వులోనే కరిగిపోతుంది.

వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ విద్యలో దిట్ట. నెత్తిన చెంబు జారకుండా ఆడుతూ కథ చెప్పేవారు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గును తీసుకుపోయారు. 2010లో కన్నుమూశారు. 'గులేబకావళి కథ'తో 1962లో సినిమా పాటల్లోకి వచ్చిన సి. నారాయణరెడ్డిదీ ఆ ఊరే. ఒక్క ఊరు ఇద్దరిని ఇచ్చింది, జ్ఞానపీఠం మాత్రం నారాయణరెడ్డి ఇంటికే దారి తెలుసుకుంది.

ఇప్పుడు సభల్లో, ఊరేగింపుల్లో ఒగ్గుడోలుకు మంచి గిరాకీ. ఒకరి భుజాల మీద ఒకరెక్కి డోలు వాయిస్తుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ కాస్త సేపట్లో కామరాతికి చోటెక్కడ? వంతపాటకుడు అడగడానికి ప్రశ్నే ఉండదు. ఊళ్లో సంగతి వేరు. అక్కడ ఒగ్గు కథకుడే పూజారి. రాత్రంతా కథ నడిపి, పెండ్లి ఘట్టం దాకా వచ్చాకనే దేవుడి లగ్గం. ఎంత తొందరున్నా మధ్యలో ఆపి వేదిక దిగిపొమ్మని ఆయనతో ఎవరూ అనరు.