కార్చిచ్చు - కట్టడముల నియమము

2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున చెలరేగిన కార్చిచ్చులకు 173 మంది బలియైరి. దరిమిలా 2011లో అచ్చటి ప్రభుత్వము అగ్నిభయము గల ప్రాంతములను పటమున గుర్తించి, అందు అనుమతి లేనిదే ఇల్లు కట్టరాదని శాసించినది. ఇంటిచుట్టు చెట్టుచేమలను పలుచన చేయుట, నీటితొట్టి, అగ్నిమాపక శకటము పోవు బాట ఇందలి షరతులు. ఇంధనము తగ్గినచో మంట తాకిడియు తగ్గును గనుక ఇవి మెచ్చదగినవే.

అయినను ఒక లోపము కలదు. ఈ నియమము కొత్త కట్టడములకే వర్తించును. గాలి మోసుకొనివచ్చు నిప్పురవ్వలకు పాత కొత్త భేదము లేదు. చూరుసందున దూరిన రవ్వ ఇంటిని అంటించును. ఆ మండు ఇల్లే ప్రక్క ఇంటికి ముప్పగును. మిక్కిలి ప్రమాదకరమైన స్థలములను, యజమానులు ఇష్టపడినచో, ప్రభుత్వమే కొనవలెనని 2010లో విచారణ సంఘము సూచించినది. కొనుగోలు మాత్రము 2009లో ఇండ్లు కోల్పోయినవారికే పరిమితమైనది. పాత ఇండ్ల చూరులకు సన్నని లోహపువల బిగించుటకైనను సాయము చేయనిదే ఈ నియమము పూర్తి ఫలము నీయజాలదు.