మందు మంచిదే, మరి పంపు సంగతి?

ఎల్బీనగర్‌లో మెట్రో రైలు ఆగిపోతుంది. ఊళ్లకు పోయే బస్సుల దారులు అక్కడే చీలుతాయి. ఒకటి హయత్‌నగర్ మీదుగా చౌటుప్పల్, విజయవాడ వైపు. ఇంకొకటి సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం, యాచారం వైపు. పిల్లల చదువుల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం, మంచాలలోనో యాచారంలోనో రెండెకరాలు పెట్టుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉంటారు. అటు పండిన టమాట, వంకాయ ఇటు సరూర్‌నగర్ రైతుబజారుకే వస్తాయి. నల్గొండ బత్తాయి, చుట్టుపక్కల మామిడి ఏళ్ల తరబడి దిగిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది, ఆ స్థలంలో పెద్దాసుపత్రి కడుతున్నారు. మార్కెట్ ఎక్కడున్నా, చేలో పంపు ఎంత వదిలితే అంత మందు కూరగాయతో పాటు ఊళ్లోకి వస్తుంది.

పురుగు చావకపోతే మందు నకిలీదనుకోవడం మనకు అలవాటు. నకిలీ మందులు లేకపోలేదు. కానీ దుకాణానికి వెళ్లి ఇంకా గట్టి మందు అడిగే ముందు, వీపున మోసే చార్జింగ్ పంపును ఒకసారి విప్పి చూసేవాళ్లు తక్కువ. ఎకరానికి ఎంత మందు పడాలో సీసా మీద రాసి ఉంటుంది. నిజంగా ఎంత పడుతుందో తేల్చేది మాత్రం నాజిల్ రంధ్రం, బ్యాటరీ బలం, మనిషి నడక.

ముందు నాజిల్ సంగతి. పురుగు మందుకూ తెగులు మందుకూ వాడేది గరాటు ఆకారంలో సన్నటి తుంపర చిమ్మే కోన్ నాజిల్. గడ్డి మందుకు విసనకర్రలా పరుచుకునే నాజిల్ వేరే ఉంటుంది. మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి పొడి మందులు నీళ్లలో కరగవు, తేలుతూ ఉంటాయి. ఆ రేణువులు రాసుకుని రాసుకుని రంధ్రం నెమ్మదిగా పెద్దదవుతుంది. కంటికి తేడా తెలియదు, లెక్కకు తెలుస్తుంది. కొత్తలో నిమిషానికి 800 మిల్లీలీటర్లు చిమ్మిన నాజిల్ అరిగాక లీటరు చిమ్మిందనుకుందాం. అదే నడకకు ఎకరానికి 200 లీటర్లు పట్టే చోట 250 పడతాయి. లీటరుకు ఇంత అని మందు కలుపుకుంటాం కాబట్టి మందూ పావు వంతు ఎక్కువే పడుతుంది, డబ్బూ అంతే పోతుంది. 16 లీటర్ల పంపుతో పన్నెండున్నర ట్యాంకుల్లో తేలాల్సిన పని పదిహేను దాటుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పంపులో మంచినీళ్లు పోసి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని, బకెట్లోకి కొట్టి, కొలత గీతలున్న జగ్గుతో కొలవాలి. నాజిల్ కొత్తగా ఉన్నప్పుడే ఈ కొలత తీసి ట్యాంకు మీద పెయింటుతో రాసుకుంటే తర్వాత పోల్చుకోవడం తేలిక. పది శాతం మించి పెరిగితే నాజిల్ మార్చాల్సిందే. మందు సీసా ధర పక్కన దాని ధర ఎంతని! కొలత తగ్గితే ఎక్కడో మట్టి అడ్డుపడిందనో, బ్యాటరీ నీరసించిందనో అర్థం. అడ్డుపడ్డ నాజిల్‌ను గుండుసూదితో పొడిచేవాళ్లున్నారు. దాంతో రంధ్రం వంకర పోతుంది, తుంపర ఒకవైపే పడుతుంది. నోటితో ఊదేవాళ్లను చూస్తే నాకు ఇంకా భయం. పాత పళ్ల బ్రష్షు, కాస్త సబ్బునీళ్లు చాలు.

నాజిల్ దాకా మట్టి రాకుండా ఆపడానికి జల్లెడలున్నాయి. ట్యాంకు మూతి దగ్గర బుట్టలా ఒకటి, చాలా పంపుల్లో చేత్తో పట్టుకుని కొట్టే గన్ పిడిలోనూ, నాజిల్ వెనకా ఇంకోటి. త్వరగా నిండుతుందని మూతి దగ్గరి బుట్ట తీసి పక్కన పడేయడం చేలల్లో తరచూ కనిపించే పని. పొడి మందును నేరుగా ట్యాంకులో గుమ్మరించకుండా, చిన్న బకెట్లో కొద్ది నీళ్లతో జావగా కలిపి, గుడ్డతో వడగట్టి, సగం నీళ్లున్న ట్యాంకులో పోస్తే సగం గొడవ వదిలిపోతుంది.

లోపలున్న మోటారు పంపు చిన్నదే. రబ్బరు పొర ముందుకూ వెనక్కూ కదులుతూ నీటిని తోస్తుంది. గన్ మూయగానే ఒత్తిడి పెరిగి, ప్రెషర్ స్విచ్ మోటారును ఆపేయాలి. మూసినా మోటారు మోగుతూనే ఉంటే ఆ స్విచ్ పాడైనట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. ఆగి ఆగి దగ్గుతుంటే నీళ్లు పీల్చే పైపులోకి గాలి దూరుతోంది, లేకపోతే జల్లెడ మూసుకుపోయింది. నెలల తర్వాత తీసినప్పుడు మోటారు తిరుగుతూ నీళ్లు రాకపోతే, ఎండిన మందు వాల్వులను అతికించేసిందన్నమాట. పంపు మూత విప్పి గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలాసార్లు కదులుతుంది.

ఇది రాకుండా చూసేది కడుగుడు. మందు అయిపోగానే రెండు మూడు లీటర్ల మంచినీళ్లు పోసి, ఊపి, గన్ గుండా కొట్టేయాలి. ఇలా మూడుసార్లు. ట్యాంకును తలకిందులు చేసి ఒంపేస్తే పైపు, గన్, నాజిల్ కడిగినట్టు కాదు. ఆ కడుగు నీళ్లు మందు కొట్టిన చేలోనే పడాలి, బోరు దగ్గరో వాగులోనో కాదు. గడ్డి మందుకు మాత్రం ఎంత కడిగినా నేను నమ్మను, దానికి వేరే పంపు ఉండాలి. 2,4-డి అనే గడ్డి మందు కొట్టిన పంపుతో పత్తికి మందు కొడితే మిగిలిన కాస్త తేమకే ఆకులు సన్నబడి, వేళ్లలా చీలిపోతాయి. టమాటకూ అదే గతి. ఆ ముడతను వైరస్ అనుకుని ఇంకో మందు కొట్టేవాళ్లూ ఉంటారు.

ఇక బ్యాటరీ. ఎక్కువ పంపుల్లో ఉండేది 12 వోల్టుల సీసం బ్యాటరీ, 8 లేదా 12 ఆంపియర్ అవర్‌ది. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే చిన్న బ్యాటరీకి ఇది సొంత తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్‌లో యూపీఎస్ బాగుచేసే కుర్రవాడికి దీని గుణం బాగా తెలుసు. కరెంటు వాడుకున్నప్పుడల్లా లోపలి పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, చార్జింగ్ పెడితే కరిగిపోతుంది. వాడి, అలాగే వదిలేస్తే గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు. అందుకే రెండు ట్యాంకులే కొట్టినా ఆ సాయంత్రమే చార్జింగ్ పెట్టాలి. పంపు ఆగిపోయేదాకా పిండుకోవడం బ్యాటరీకి చేటు. మల్టీమీటర్ ఉంటే, చార్జింగ్ తీసిన కొన్ని గంటల తర్వాత 12.7 దరిదాపుల్లో చూపాలి. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. లిథియం బ్యాటరీ తేలిక, కానీ దాని చార్జర్ దానిదే. సీసం బ్యాటరీ చార్జర్ దానికి తగిలించకూడదు.

బలం తగ్గిన బ్యాటరీతో పంపు వెంటనే ఆగిపోదు, ఒత్తిడి తగ్గుతుంది. తుంపర లావవుతుంది. చుక్కలు ఆకు మీద నిలవక జారి నేల పాలవుతాయి, ఆకు కింద దాక్కున్న తెల్లదోమకు తగలవు. చివరి రెండు సాళ్లలో పురుగు మిగిలిపోయిందంటే మందును తిట్టే ముందు ఇది చూడాలి.

చార్జింగ్ కోసం పంపును అపార్ట్‌మెంట్ బాల్కనీకి తేవడం నాకు నచ్చదు. వంటగదికి నాలుగడుగుల దూరంలో పురుగు మందు వాసన ఎందుకు? చాలా మోడళ్లలో బ్యాటరీ విడిగా వస్తుంది. తుడిచి అది ఒక్కటే తెచ్చుకోవచ్చు.

మూత వాషర్, పైపు బిగింపు కూడా ప్రతిసారీ చూడాలి. నిండిన ట్యాంకు 20 కిలోలు దాటుతుంది, వీపుకు ఆనుకునే ఉంటుంది. మూత కారితే చొక్కా తడుస్తుంది, తడిసిన చొక్కా గుండా మందు చర్మంలోకి పోతుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయారు. ఆ వార్త వచ్చిన నాళ్లలో అందరూ మాస్కుల గురించే మాట్లాడారు. వాషర్ గురించి విన్నట్టు గుర్తులేదు.

దసరాకు పనిముట్లతో పాటు పంపుకూ పసుపు కుంకుమ పెడతారు. ఆ ముందురోజు మూడుసార్లు కడిగి, జల్లెడలు విప్పి, వాషర్లు మార్చితే పూజకూ సార్థకం. యాసంగి అయ్యాక పంపును ఎండ తగలని చోట, మూత వదులు చేసి, నీళ్లు పూర్తిగా వంపి పెట్టాలి. బ్యాటరీని విప్పి నెలకోసారి చార్జింగ్ పెట్టాలి. జూన్‌లో అది పనికిరాదని తేలితే పాత సామాన్లవాడికి ఇవ్వకుండా, కొత్తది కొనే దుకాణంలోనే అప్పజెప్పాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి, పైగా సీసానికి ధర ఉంది కాబట్టి బిల్లులో కొంత తగ్గుతుంది కూడా.